హెచ్‌ఎం తీరును బట్టి టీచర్ల ఉత్సాహం మారుతుందా?

కొత్తగా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయురాలు) అయిన ఒక మేడమ్ నన్ను అడిగింది క్లుప్తంగా ఇదీ. స్కూల్ అసిస్టెంట్‌గా (హైస్కూల్లో సబ్జెక్టు టీచరుగా) ఉండి, ప్రమోషన్ మీద కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న ఒక జెడ్పీ హైస్కూలుకు హెచ్‌ఎంగా వెళ్లారు. స్టాఫ్ టైముకే వస్తున్నారు, పాఠాలు జరుగుతున్నాయి, రికార్డులు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఎవరిలోనూ ఊపు లేదు. చివరి బెల్లు కొట్టేసరికి బ్యాగులు భుజాన ఉంటున్నాయి. మునుపటి హెచ్‌ఎం చాలా కట్టుదిట్టమైన మనిషట. "నేనూ అలాగే ఉండాలా? మెత్తగా ఉంటే పని సాగుతుందా? బాగా చెప్పే లెక్కల మాస్టారు ఈసారి బదిలీకి పెట్టుకుంటానంటున్నారు, ఆయన్ని ఆపడానికి ఏం చేయాలి?" అని అడిగారు.

నేను జీవశాస్త్రం టీచరుగా మొదలై, అటు సఖినేటిపల్లి వైపు నుంచి ఇటు ముమ్మిడివరం వైపు దాకా హైస్కూళ్లలో పనిచేసి, హెచ్‌ఎంగా రిటైరయ్యాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు సూటిగా సమాధానం. మారుతుంది, చాలా మారుతుంది. కాకపోతే మీరు కఠినంగా ఉన్నారా, మెత్తగా ఉన్నారా అన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు. టీచరు క్లాసులో చేస్తున్న పనిని హెచ్‌ఎం స్వయంగా చూస్తున్నారా, ఆ పనికి అడ్డొచ్చేవాటిని తన చేతనైనంత పక్కకు తీస్తున్నారా అన్న రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. గట్టిగా మాట్లాడే హెచ్‌ఎంల దగ్గర ప్రాణం పెట్టి పనిచేసిన స్టాఫ్‌ను చూశాను. ఎవర్నీ పల్లెత్తు మాట అనని హెచ్‌ఎంల దగ్గర నీరుగారిపోయిన స్టాఫ్‌నూ చూశాను. మీ గొంతు ఎలా ఉందని టీచర్లు రెండు వారాలు గమనిస్తారు. ఆ తర్వాత వాళ్లు చూసేది, మీకు పాఠం మీద శ్రద్ధ ఉందా లేక కాగితం మీదా అన్నదే.

బీఈడీలో మనమంతా చదివాం: నిరంకుశ నాయకత్వం, ప్రజాస్వామిక నాయకత్వం, జోక్యం చేసుకోని నాయకత్వం. పరీక్ష రాసి మర్చిపోతాం గానీ ఆ పేర్ల వెనకున్న ప్రయోగం గుర్తుపెట్టుకోదగ్గది. కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలో పదేళ్ల మగపిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, మాస్కులు చేయడం లాంటి పనులు ఇచ్చి, ఒక్కో తరహా పెద్దమనిషిని మీద పెట్టి చూశారు. 1939లో ఫలితాలు అచ్చయ్యాయి. అంతా తానే చెప్పి చేయించే పెద్ద ఎదురుగా ఉన్నంతసేపూ పని బాగానే సాగింది, ఆయన గది దాటాక పడిపోయింది. పిల్లలతో మాట్లాడి నిర్ణయించే పెద్ద బయటికి వెళ్లినా పని ఇంచుమించు అలాగే నడిచింది. ఏదీ పట్టించుకోని పెద్ద దగ్గర పనీ తక్కువే, దాని నాణ్యతా తక్కువే.

మీ బడిలో దీన్ని తెలుసుకోవడం తేలిక. మీరు మీటింగుకు అమలాపురం వెళ్లిన రోజు మధ్యాహ్నం ఏం జరిగింది? మర్నాడు ఆరో తరగతి పిల్లల్ని, నిన్న భోజనాల తర్వాత ఏం చెప్పుకున్నారర్రా అని మాటల్లో అడగండి. వాళ్లు దాచరు. మునుపటి హెచ్‌ఎం గారు మీకు ఇచ్చి వెళ్లింది ఎంతవరకు గట్టిదో అక్కడే తెలిసిపోతుంది.

అలాగని ఆయన తెచ్చిన క్రమశిక్షణను తీసిపారేయకండి. టైముకు రావడం, రికార్డులు సక్రమంగా ఉండటం చిన్న విషయాలు కావు. అవి లేని బడిని చేతిలోకి తీసుకున్నవాళ్లకు ఆ విలువ తెలుసు. అయితే బడికి రావడం వేరు, మనసు పెట్టి చెప్పడం వేరు. ఈ తేడా మన రాష్ట్రంలోనే చాలా స్పష్టంగా బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2011లో ప్రచురించారు. పిల్లల మార్కులు మెరుగైతే టీచర్లకు బోనస్ ఇచ్చారు, సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్లు తిరిగేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లల్ని దాటారు. ఆశ్చర్యం ఏమిటంటే, టీచర్ల గైర్హాజరులో తేడా ఏమీ రాలేదు. సెలవులు మునుపటిలాగే ఉన్నాయి. వచ్చిన రోజుల్లో మాత్రం ఎక్కువ చెప్పారు, అదనపు క్లాసులు తీసుకున్నారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు.

బోనస్ ఇవ్వడం మన చేతిలో లేదు, దాని మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు. నాకు పనికొచ్చిన సంగతి ఒక్కటే: హాజరు పట్టీలో సంతకం చూసి ఉత్సాహాన్ని కొలవలేం. మీ స్టాఫ్ అందరూ టైముకు వస్తున్నారు కాబట్టి ఇక గట్టిగా పట్టుకోవడం వల్ల మీకు కొత్తగా ఒరిగేది లేదు.

మరి ఏం చేయాలి?

మొదట మీ టేబుల్ మీదున్న ఫైళ్లు కదపండి. హైస్కూల్ హెచ్‌ఎం అంటే డీడీఓ (స్టాఫ్ జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారి) కూడా. ఇంక్రిమెంటు, సరెండర్ లీవు (వాడని సెలవులకు డబ్బు) బిల్లు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీలు, సెలవు మంజూరు... ఇవన్నీ మీ సంతకంతో కదిలేవి. పీఆర్సీ (వేతన సవరణ), డీఏ (కరవు భత్యం) బకాయిలు మనం తీర్చలేం, స్టాఫ్ కూడా మన నుంచి అది ఆశించరు. కానీ వాళ్ల నాన్నగారి ఆపరేషన్ బిల్లులు మీ బీరువాలో నెలరోజులు పడుకుంటే, ఆ టీచరుకు మీరు విద్యా ప్రమాణాల గురించి ఏం చెప్పినా చెవికెక్కదు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి తేల్చింది ఇదే. జీతం, పని పరిస్థితులు, పైఅధికారి తీరు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది, బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం వచ్చేది పనిలోంచే: సాధించామన్న తృప్తి, దానికి దక్కే గుర్తింపు, అప్పగించిన బాధ్యత. ఫైళ్లు కదపడం వల్ల ఎవరూ రెట్టింపు పని చేయరు. అవి కదలకపోతే మాత్రం ఏ ప్రయత్నమూ మొదలవదు. అందుకే దీన్ని మొదట పెట్టాను.

తర్వాత క్లాసులోకి వెళ్లండి. అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక బడిలో నేను చేరేసరికి లెక్కల మాస్టారు ముభావంగా ఉండేవారు. స్టాఫ్ మీటింగులో సబ్జెక్టుల వారీగా పాస్ శాతాలు పైకి చదివి పోల్చే అలవాటు అంతకుముందు నుంచి ఉంది. లెక్కలది ఎప్పుడూ అడుగునే ఉంటుంది కదా, ఆయన తల వంచుకుని కూర్చునేవారు. క్రమంగా ఆయన పాఠం అంతా గట్టెక్కే లెక్కల చుట్టూనే తిరగడం మొదలైంది. నేను ఒకరోజు అడిగాను: "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో మీ పాఠం వినాలని ఉంది. ఏ రోజు రమ్మంటారు?" ఆయన ఒప్పుకున్నారు గానీ మొహంలో అనుమానం కనిపించింది.

వెనక బెంచీలో కూర్చున్నాను. శాతాల పాఠం. పుస్తకంలో లెక్క అడిగితే మూడో వరసలో ఒక పిల్లాడు లేచి నిలబడి నేల చూస్తున్నాడు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీస్తాడు. మాస్టారు లెక్క మార్చేశారు. "మీ నాన్న వెయ్యి కాయలు దింపాడ్రా. షావుకారు అరవై కాయలు చిన్నవని పక్కన పడేశాడు. నూటికి ఎన్ని పోయినట్టు?" పిల్లాడు పైకి చూసి, "ఆరండి" అన్నాడు. మామూలుగా అయితే మనం శభాష్ అని కూర్చోబెట్టేస్తాం. ఈయన, "ఎలా తెలిసిందిరా?" అని అడిగి, బోర్డు వైపు తిరక్కుండా, వేరేవాళ్లు చేతులెత్తుతున్నా పట్టించుకోకుండా అలాగే నిలబడ్డారు. క్లాసు క్లాసంతా నిశ్శబ్దం. కాసేపటికి పిల్లాడే అన్నాడు: "వెయ్యిలో పది నూర్లుంటాయి కదండి. అరవైని పది వాటాలేస్తే ఆరండి." మాస్టారు అప్పుడు చాక్‌పీసు ఆ పిల్లాడి చేతికే ఇచ్చారు.

బెల్లయ్యాక వరండాలో ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడాను. "బాగా చెప్పారు" అనలేదు. "ఎలా తెలిసిందని అడిగి మీరు ఆగారు చూడండి మాస్టారూ, ఆ ఆగడం వల్లే వాడు చెప్పగలిగాడు" అన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా క్లాసుకొచ్చినవాళ్లంతా లెసన్ ప్లాన్ పుస్తకమే అడిగారండి. పాఠం గురించి మాట్లాడినవాళ్లు లేరు" అన్నారు. మరుసటి నెలలో సైన్సు చెప్పే కొత్త మేడమ్‌ను ఆయనే తన క్లాసుకు రమ్మని పిలిచారు. నేను చెప్పలేదు, ఏ సర్క్యులరూ రాలేదు.

ఏళ్ల తరబడి ఒక గదిలో తలుపు దగ్గరేసి పాఠం చెప్పే మనిషికి, తను చేసిన మంచి పని ఒక్కటైనా తోటి పెద్దలెవరూ చూడకపోతే, ఆ పని చేసినా చేయకపోయినా ఒకటేననిపిస్తుంది. టీచర్లలో ఊపు పోయేది ఎక్కువగా ఇలాగే. జీతం తక్కువై, పనెక్కువై పోయినవాళ్లకంటే ఇలా పోయినవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

క్లాసు చూడటానికి నాకు పనిచేసిన పద్ధతి ఇది. ముందే అడిగి వెళ్లాలి. పీరియడ్ మొత్తం కూర్చోవాలి, పది నిమిషాలు తొంగిచూసి రావద్దు. చేతిలో నోటు పుస్తకం ఉండకూడదు, అది కనిపిస్తే పాఠం ఆగి ప్రదర్శన మొదలవుతుంది. ఆ రోజే మాట్లాడాలి. మీరు చూసిన ఒక నిర్దిష్టమైన విషయం చెప్పాలి. సలహా ఇవ్వాలనిపిస్తే ప్రశ్నగా అడగాలి: "ఆ చివరి వరస ఆడపిల్లలు ఎందుకు మాట్లాడలేదంటారు?" అంతే, అక్కడితో ఆపేయాలి. చెడ్డగా జరిగిన పాఠం చూసినా సరే, మొదటిసారి తప్పుల చిట్టా విప్పొద్దు.

అంతకంటే ముందు మీ క్లాసుకు వాళ్లను రమ్మనండి. హెచ్‌ఎం అయ్యాక కూడా తొమ్మిదో తరగతి జీవశాస్త్రం నా పేరు మీదే ఉంచుకునేదాన్ని. టైమ్ టేబుల్‌లో నా పీరియడ్లు కూడా అందరికీ కనిపించేవి, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని చెప్పేదాన్ని. పిల్లలకు అర్థం కాక నా పాఠం నత్తనడక నడిచిన రోజు చూసినవాళ్లకు, వాళ్ల క్లాసులో నేను కూర్చుంటే బెరుకు సగం పోయేది. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ మరో ఇద్దరితో కలిసి, బడి నాయకత్వం మీద వచ్చిన అధ్యయనాలను పోగేసి 2008లో లెక్క తేల్చారు. మాటలతో, ఆశయాలతో ఉత్తేజపరిచే నాయకత్వం కంటే, బోధన మీద దృష్టి పెట్టే నాయకత్వం ప్రభావం పిల్లల చదువు మీద మూడు నాలుగు రెట్లు ఎక్కువట. అందులోనూ అన్నిటికంటే పైన నిలిచింది, టీచర్లు నేర్చుకునే చోట హెచ్‌ఎం తానూ కూర్చుని నేర్చుకోవడం. వాళ్లు కొలిచింది పిల్లల ఫలితాలను, టీచర్ల ఉత్సాహాన్ని కాదు. నా అనుభవంలో రెండూ ఒకే దారిలో నడిచాయి.

ఇక పనుల పంపకం. స్టాఫ్ రూములో నిరుత్సాహం పుట్టే అసలు చోటు ఇదే. మధ్యాహ్న భోజనం వివరాలు, కిట్ల పంపిణీ, యూడైస్ (బడి వివరాల నమోదు), అపార్ నంబర్లు (పిల్లల గుర్తింపు సంఖ్యలు), ట్యాబ్‌ల లెక్కలు. ప్రతి బడిలోనూ కంప్యూటర్ తెలిసిన కుర్ర టీచరు ఒకరుంటారు, అన్నీ ఆయన నెత్తినే పడతాయి. దున్నే ఎద్దునే పొడిచినట్టు, చేయగలవాడికే ఇంకా ఇంకా అప్పగిస్తాం. ఒక బడిలో ఫిజిక్స్ చెప్పే అబ్బాయి సగం పీరియడ్లు కంప్యూటర్ గదిలోనే గడిపేవాడు, పక్క గదిలో పదో తరగతి గోల చేస్తుండేది. అతను మహా చురుకైనవాడు. రెండేళ్లలో పాఠం మీద ధ్యాసే తగ్గిపోయింది, తప్పు అతనిది కాదు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు మినహా విద్యేతర పనులకు టీచర్లను వాడకూడదు. పైన చెప్పిన ఈ యాప్ పనులను బడి పని కిందే చూస్తారు కనుక ఆ సెక్షన్ మనల్ని ఆదుకోదు. పంచుకోవడమే దారి. నేను చేసింది: ఉన్న పనులన్నీ ఒక పెద్ద చార్టు మీద రాసి, ఎవరి దగ్గర ఏముందో పేర్లతో స్టాఫ్ రూము గోడకు పెట్టాను. అంతవరకు ఎవరి భారం ఎంతో ఎవరికీ తెలీదు, ఎవరికి వారు తమదే ఎక్కువ అనుకునేవారు. చార్టు చూశాక ఇద్దరు సీనియర్లు వాళ్లంతట వాళ్లే చెరో పని తీసుకున్నారు. భోజనం లెక్క నేను తీసుకున్నాను. అన్నదానానికి పేరుపొందిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు మధ్యాహ్న భోజన పథకానికే పెట్టారు, గోదావరి జిల్లాల బడుల్లో ఆ అన్నం ఎలా ఉందో రోజూ హెచ్‌ఎం రుచి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

దాంతోపాటు ఒక నియమం పెట్టుకున్నాను: పీరియడ్ నడుస్తుండగా ఏ టీచరునూ ఆఫీసుకు పిలవను. వినడానికి చిన్నదే, నిలబెట్టుకోవడం కష్టం. మండలం నుంచి ఫోను వస్తుంది, "అర్జెంటుగా లెక్క కావాలి, ఆ టీచరుని పిలవండి" అంటారు. "క్లాసులో ఉన్నారండి, బెల్లయ్యాక పంపిస్తాను" అనాలి. ఆ పూటకు నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. ఆ మాటలు మీరు పడ్డారని స్టాఫ్‌కు ఎలాగోలా తెలుస్తుంది, మీరు చెప్పుకోనక్కర్లేదు. నా బళ్లలో వాతావరణం మారడానికి క్లాసు చూడటం తర్వాత ఎక్కువగా సాయపడింది ఈ నియమమే.

టైమ్ టేబుల్ కూడా మీ చేతిలో ఉన్న పెద్ద సాధనం. గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున పనిచేసినప్పుడు ఒక తెలుగు మేడమ్ రోజూ నరసాపురం నుంచి పంటు (పెద్ద పడవ) మీద ఏరు దాటి సఖినేటిపల్లి రేవులో దిగి బస్సెక్కి వచ్చేవారు. చలికాలంలో మంచు దిగితే పంటు ఆలస్యం. అంతకుముందు పట్టీలో ఎర్ర గీతలు పడేవట. ఆవిడా చివరి బెల్లుకు ఒక్క నిమిషం ఎక్కువ ఉండేవారు కాదు. స్టాఫ్ మీటింగులో అందరి ముందే పెట్టి, ఆవిడకు మొదటి పీరియడ్ తీసేసి, చివరి పీరియడ్‌లో చదవలేని పిల్లల క్లాసు ఇచ్చాం. బదులుగా మొదటి పీరియడ్ తీసుకున్న హిందీ మాస్టారికి మధ్యాహ్నం ఒక లీజర్ (ఖాళీ పీరియడ్) దొరికింది. అందరి ముందు జరగబట్టే ఎవరూ పక్షపాతం అనలేదు. ఇదే సర్దుబాటు గదిలో ఇద్దరం మాట్లాడుకుని చేసుంటే బడి మొత్తం చెడేది.

ఇప్పుడు ముఖ హాజరు యాప్ వచ్చింది కాబట్టి వచ్చే వేళ విషయంలో మీ చేతిలో ఏమీ లేదు. ఎవరికైనా వెసులుబాటు ఇస్తానని మాట ఇవ్వకండి, తర్వాత ఇద్దరూ ఇబ్బంది పడతారు. కానీ ఏ పీరియడ్ ఎవరికి, ఏ తరగతి ఎవరికి అన్నది ఇప్పటికీ బడిలోనే తేలుతుంది.

అన్నీ అందరితో మాట్లాడే చేయాలా? కాదు. మనది వరద ప్రాంతం, మీ బడి ఏటిగట్టు పక్కన ఉందన్నారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, లంకల్లో బళ్లూ ఇళ్లూ మునిగాయి. అలాంటప్పుడు మీటింగులు పెట్టకూడదు. రెండో హెచ్చరిక రాగానే సర్వీస్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, ట్యాబ్‌లు మేడ మీదికి, బియ్యం బస్తాలు బల్లల మీదికి. ఎవరు ఏది మోయాలో మీరే చెప్పాలి, గట్టిగానే చెప్పాలి. మామూలు రోజుల్లో మాట విని గౌరవించిన హెచ్‌ఎం ఆ రోజు హుకుం జారీ చేస్తే ఎవరూ నొచ్చుకోరు.

మనుషుల్ని బట్టి కూడా మారాలి. 2025 మెగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, మీ బడికీ కొత్తవాళ్లు వచ్చే ఉంటారు. వాళ్లకు "మీ ఇష్టం, మీరే చూసుకోండి" అనడం స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు, నీళ్లలోకి తోసినట్టు. మొదటి ఏడాది ఏ యూనిట్ ఎన్ని పీరియడ్లు, అల్లరి తరగతిని ఎలా పట్టాలి, తల్లిదండ్రులొచ్చి నిలదీస్తే ఏం మాట్లాడాలి అన్నీ పక్కన కూర్చుని చెప్పాలి. ఇరవై ఏళ్లు చెప్పిన సీనియర్‌కు అదే పద్ధతి పెడితే అవమానం. ఆయనకు ఒక పని పూర్తిగా అప్పగించి తప్పుకోండి: సైన్స్ ఫెయిరో, లైబ్రరీయో, పదో తరగతిలో వెనకబడినవాళ్ల బాధ్యతో. అప్పగించాక మధ్యలో వేలు పెట్టొద్దు.

మరి ఏం చేసినా కదలనివాళ్ల సంగతి? ఉంటారు. ఊపు పోయినవాళ్లను, పని ఎగ్గొట్టేవాళ్లను ఒకే గాటన కట్టకండి. మొదటివాళ్లకు పైన చెప్పినవి పనిచేస్తాయి. రెండోవాళ్లతో ఒంటరిగా, స్పష్టంగా, తేదీలతో సహా మాట్లాడండి. మారకపోతే రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడి వదిలేస్తే నష్టపోయేది మీరు కాదు, పక్క క్లాసులో నిజాయతీగా చెబుతున్న టీచరు. వాళ్లు ఏడాదంతా గమనించేది అదే. అందరి ముందు మాత్రం ఎవర్నీ మందలించకండి, పిల్లల ముందైతే అసలే వద్దు. టీచరు పరువు ఒకసారి పిల్లల ముందు పోతే ఆ క్లాసు ఇక ఆ మనిషి చేతికి రాదు.

ప్రైవేటు బళ్లలో పనిచేసేవాళ్లు కూడా ఇలాంటివి అడుగుతుంటారు. అక్కడ కరస్పాండెంటు మాటే చెల్లుతుంది, ఎండల్లో అడ్మిషన్ల కోసం టీచర్లను ఇల్లిల్లూ తిప్పుతారు, జీతం ఎప్పుడొస్తుందో తెలియని నెలలుంటాయి. అలాంటి చోట ప్రిన్సిపాల్ ఎంత మంచిగా ఉన్నా జీతం లోటు పూడదు. ప్రిన్సిపాల్ చేయగలిగింది, టీచర్ల తరఫున యాజమాన్యంతో నిలబడి మాట్లాడటం, క్లాసు టైములో వాళ్లను వేరే పనికి పంపకుండా చూడటం. ఆ మాత్రం చేసినవాళ్ల దగ్గర టీచర్లు తక్కువ జీతానికైనా ఏళ్లపాటు ఉండటం మా చుట్టుపక్కల ఊళ్లలో చూశాను.

ఎంత కాలం పడుతుందని మీరు అడగలేదు గానీ చెప్పాలి. హెచ్‌ఎం ఒక చోట బదిలీ నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 5 విద్యా సంవత్సరాలు, టీచర్లు 8. అంటే మీరు వెళ్లాక కూడా వీళ్లలో చాలామంది అక్కడే ఉంటారు. కాబట్టి అన్నీ మీ చుట్టూ తిరిగేలా కట్టకండి. నెలకోసారి ఒకరి క్లాసు ఇంకొకరు చూసే అలవాటు, గోడమీది పనుల చార్టు, మీటింగులో ముందు పాఠాల గురించి మాట్లాడి తర్వాతే సర్క్యులర్లు చదవడం లాంటివి మీరు లేకపోయినా నడుస్తాయి. మొదటి ఏడాది పెద్ద మార్పు కనిపించకపోవచ్చు. ఒకరిద్దరు బెల్లయ్యాక ఆగి పిల్లలతో మాట్లాడటం మొదలుపెడితే చాలు, దారిలో పడ్డట్టే.

ఇక లెక్కల మాస్టారి బదిలీ. బతిమాలి ఆపొద్దు, రిలీవ్ చేయకుండా సతాయించడం అంతకంటే వద్దు. ముందు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో కూర్చోబెట్టి అడగండి. ఇంటి దూరం, పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆరోగ్యం అయితే మనస్ఫూర్తిగా పంపండి. బడిలో ఇబ్బందే కారణమైతే ఆయన మొదటిసారి అడిగినప్పుడు చెప్పరు. ఆయన క్లాసులో ఒక పీరియడ్ కూర్చుని వచ్చాక అడగండి, అప్పుడు చెప్పే అవకాశం ఉంది. చెప్పినదాంట్లో మీ సంతకంతో తీరేది ఏదైనా ఉంటే బదిలీల కౌన్సెలింగ్ తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే తీర్చేయండి, ఆయన ఉన్నా వెళ్లినా సరే. వెళ్లడమే ఖాయమైతే, వచ్చే లెక్కల టీచరు కోసం ఆయన తయారుచేసుకున్న ప్రశ్నల కట్టలు, ఏ పాఠంలో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతారో ఆయనకు తెలిసిన సంగతులు ఒక పుస్తకంలో రాసిపెట్టమని అడగండి. ఇష్టంగా రాసిస్తారు.